గుర్తు తెలియని వాహనం, గుర్తుకురాని హక్కు

2024 జనవరి 2వ తేదీన హైదరాబాద్‌లో ఏ పెట్రోలు బంకు ముందు చూసినా బారులే. ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారన్న వార్తతో నగరం మొత్తం ఒక్కసారిగా బంకుల మీద పడింది. ఆ బారుల్లో అత్యధికులు ద్విచక్ర వాహనదారులే. నేను కూడా గంటన్నర సేపు స్కూటరు తోసుకుంటూ నిలబడ్డాను. సమ్మెకు కారణం భారతీయ న్యాయ సంహితలోని 106(2) సెక్షన్. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి ప్రాణం తీసి, పోలీసులకో మేజిస్ట్రేటుకో సమాచారం ఇవ్వకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చని అది చెబుతుంది. ఆ వారమంతా దేశం ఆ పదేళ్ల శిక్ష గురించే వాదించుకుంది. చివరకు కేంద్రం దిగివచ్చి, రవాణా సంఘాలతో మాట్లాడాకే అమలు చేస్తామని హామీ ఇచ్చింది. అదే ఏడాది జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది.

ఆ బారులు కరిగిపోయిన పది రోజులకు, జనవరి 12న, సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. అదీ ఢీకొట్టి పారిపోయే వాహనాల గురించే. అయితే అది పారిపోయినవాడి శిక్షను గురించి కాక, రోడ్డు మీద పడిపోయినవాడి హక్కును గురించి మాట్లాడింది. దాన్ని ఏ చానెలూ గంటసేపు చర్చించలేదు. అందులో రెండు అంకెలు ఉన్నాయి. 2022లో దేశంలో నమోదైన ఇలాంటి ప్రమాదాలు 67,387. పరిహారం కోసం 2022–23 ఆర్థిక సంవత్సరంలో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్‌కు అందిన దరఖాస్తులు 205. వాటిలో పరిష్కారమైనవి 95.

అచ్చుతప్పు కాదు, రెండువందల అయిదే. ఆ ఏడాది ఇలాంటి ప్రమాదాలలో 30,486 మంది మరణించారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ వార్షిక నివేదికే చెబుతోంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం, ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకపోయినా మృతుని కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు రావాలి. అంతకు ముందు ఈ మొత్తాలు 25 వేలు, 12,500 మాత్రమే. సొమ్ము పెరిగింది, అడిగేవారు లేరు. ప్రజలకు డబ్బు అక్కర్లేక అడగలేదని ఏ పాలకుడైనా అనగలడా?

ఇందులో మా వృత్తి వాటా గురించి మొదట చెప్పుకోవాలి. జిల్లా ఎడిషన్‌లో ఉపసంపాదకుడిగా చేరిన తొలి ఏళ్లలో 'గుర్తు తెలియని వాహనం ఢీకొని ద్విచక్ర వాహనదారు మృతి' అన్న శీర్షికను ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. నాలుగు వాక్యాల వార్త. మృతుని పేరు, ఊరు, భార్యాపిల్లల సంఖ్య, 'పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు'. అంతటితో సరి. ఆ కుటుంబానికి ప్రభుత్వం నుంచి పరిహారం అడిగే హక్కు ఉందన్న అయిదో వాక్యం ఏనాడూ రాయలేదు. నాకు తెలియదు గనుక రాయలేదు. జర్నలిజంలో పీజీ చేసినవాడికే తెలియని విషయం, అర్ధరాత్రి ప్రభుత్వాసుపత్రి శవాగారం బయట కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

మా ఊరికి దగ్గరలో ఒక తాపీమేస్త్రి 2023 వేసవిలో పని ముగించుకొని మోటార్‌సైకిల్ మీద ఇంటికి వస్తూ జాతీయ రహదారిపై ఇలాగే చనిపోయాడు. లారీయో, బస్సో ఎవరూ చూడలేదు. కొన్ని నెలలకు, వాహనం ఆచూకీ దొరకలేదని కేసు ముగించారు. ఏడాది తరువాత ఒక పెళ్లిలో అతని తమ్ముడు కలిశాడు. 'బండి దొరకలేదు గదా అన్నా, ఇంక ఎవర్ని అడుగుతాం?' అన్నాడు. ఠాణాకు ఎన్నిసార్లు వెళ్లావని అడిగితే పదకొండుసార్లు అన్నాడు. ఆ పదకొండు సార్లలో ఒక్కసారైనా, ఒక్కరైనా, బండి దొరక్కపోతేనే ఈ పథకం వర్తిస్తుందని అతనికి చెప్పలేదు. ఆర్డీవో కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలని, ఆ అధికారి విచారణ నివేదికపై కలెక్టరు మంజూరు చేస్తారని నేను చెప్పినప్పుడు, అతను నన్ను చూసిన చూపులో ఆశ కంటే అనుమానమే ఎక్కువ కనిపించింది. రాజకీయ నాయకుడి హామీ విన్నప్పుడు చూసే చూపు అది.

సుప్రీంకోర్టు జనవరి 12 ఉత్తర్వు సరిగ్గా ఈ ఖాళీనే పూడ్చబోయింది. ప్రమాదం జరిగిన నెలలోగా వాహనం వివరాలు దొరక్కపోతే, పథకం కింద పరిహారం అడగవచ్చని పోలీసులు బాధితులకు లేదా మృతుని వారసులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రమాద నివేదికను, బాధితుల వివరాలను విచారణాధికారికి తామే పంపాలి. దరఖాస్తు రాకపోతే ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకునే పని జిల్లా న్యాయసేవాధికార సంస్థది. దీన్ని పర్యవేక్షించడానికి జిల్లాకో కమిటీ ఉండాలి. మీ జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు సమావేశమైందో కనుక్కోండి. నాలుగైదు జిల్లాల్లో నేను ఆ ప్రయత్నం చేశాను. ఫోను ఎత్తినవారిలో సగం మంది 'ఏ కమిటీ అండీ?' అని ఎదురు ప్రశ్న వేశారు.

ఇది కింది స్థాయి ఉద్యోగుల అలసత్వం మాత్రమేనని సరిపెట్టుకుంటే పొరపాటు. పై నుంచి వచ్చిన ప్రాధాన్యాల క్రమమే కింద కనిపిస్తోంది. మోటారు వాహనాల సవరణ చట్టానికి 2019 ఆగస్టు 9న రాష్ట్రపతి ఆమోదం లభించింది. హెల్మెట్ లేకపోతే వెయ్యి, లైసెన్సు లేకపోతే అయిదు వేలు, మద్యం తాగి నడిపితే పదివేలు అంటూ జరిమానాలు పెంచిన భాగం సెప్టెంబరు 1న, అంటే మూడు వారాల్లో, అమల్లోకి వచ్చింది. అదే చట్టంలో బాధితుల పరిహారాన్ని, బీమాను తిరగరాసిన అధ్యాయం అమల్లోకి వచ్చింది 2022 ఏప్రిల్ 1న. మధ్యలో గడిచిన కాలం రెండు సంవత్సరాల ఏడు నెలలు. ప్రమాదం జరిగిన తొలి గంటలో నగదు అడగకుండా చికిత్స అందించాలన్న 162వ సెక్షన్ కథ మరీ దీర్ఘమైనది. సెక్షన్ ఉంది, పథకం లేదు. రోడ్డు భద్రతపై 2012లో కోయంబత్తూరు ఎముకల వైద్య నిపుణుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ వేసిన వ్యాజ్యంలోనే, 2025 జనవరి 8న సుప్రీంకోర్టు మార్చి 14ను గడువుగా నిర్ణయించింది. గడువు దాటింది. శాఖ కార్యదర్శిని కోర్టుకు పిలిపించాక, మే 5న పథకం వెలువడింది. ప్రమాద బాధితునికి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత చికిత్స.

పౌరుడి నుంచి వసూలు చేయడానికి మూడు వారాలు, పౌరుడికి చికిత్స ఇవ్వడానికి దాదాపు ఆరేళ్లు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇలాగే చేసి ఉండేదేమో. 2019 సెప్టెంబరులో జరిమానాలు తగ్గించడానికి కేంద్రంలోని అధికార పార్టీయే ఏలుతున్న గుజరాత్ ముందుకొచ్చింది. పశ్చిమ బెంగాల్ అసలు అమలు చేయనంది. వాహనదారుల పక్షాన నిలిచామని అందరూ చెప్పుకున్నారు. ఆ వాహనదారు రేపు ఆసుపత్రి పాలైతే చట్టం అతనికి ఇస్తానన్నది ఎప్పుడు ఇస్తారని ఏ ముఖ్యమంత్రీ కేంద్రానికి లేఖ రాసినట్టు నేను వినలేదు. చలానా ఓటరుకు కనిపిస్తుంది. రాని పరిహారం కనిపించదు.

ఇక్కడ ఒక విషయాన్ని విడమరచి చెప్పాలి. 2022 నిబంధనల ప్రకారం, ప్రమాద పరిహారం బాధితుడు వెంటపడి సాధించుకోవలసిన వస్తువు కాదు. దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి నివేదికను ట్రిబ్యునల్‌కు, బీమా సంస్థకు పంపాలి. పది రోజుల్లో బాధితునికి అతని హక్కులేమిటో, ఏ దశ తరువాత ఏ దశ వస్తుందో తెలిపే పత్రాన్ని చేతికివ్వాలి. నిబంధనల్లో దాన్ని ఫారం 2 అంటారు. తొంభై రోజుల్లో సవివర నివేదిక సమర్పించాలి. ఆ నివేదికనే ట్రిబ్యునల్ పరిహార దరఖాస్తుగా స్వీకరించాలని చట్టంలోని 166(4) సెక్షన్ శాసిస్తోంది. సమాచారం అందాక బీమా సంస్థ తన అధికారిని నియమించి 30 రోజుల్లో పరిష్కార ప్రతిపాదన ముందు పెట్టాలి. ఈ పద్ధతి ఢిల్లీ హైకోర్టు ఆదేశాల మేరకు రాజధానిలో ఒక దశాబ్దం పాటు నలిగి, అక్కడి నుంచి దేశానికి వచ్చింది. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఠాణాల్లో, లేదంటే కనీసం పట్టణ స్థాయిలో, దీనికి ప్రత్యేక బృందం ఉండాలని కూడా చెప్పింది. చట్టం ఉద్దేశం స్పష్టం. మంచంలో ఉన్న మనిషి కదలనక్కర్లేదు, కాగితం కదలాలి.

ఆచరణలో కదిలేది మనిషే. మంచం మీది మనిషి బదులు అతని భార్య, అన్నదమ్ములు తిరుగుతారు. ఠాణాలో కాగితం కదలకపోతే ఆసుపత్రి వరండాలో మరొకరు ప్రత్యక్షమవుతారు. కేసు తాను చూసుకుంటానని, వచ్చినదానిలో వాటా ఇస్తే చాలని వకాల్తా మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ దళారీని తిట్టడం తేలిక. రాజ్యం ఖాళీ చేసిన కుర్చీలోనే అతను కూర్చున్నాడు.

ఇలాంటి స్థితిలో 2019 సవరణ బాధితుడి మెడకు ఒక గడియారం కూడా తగిలించింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయకపోతే ట్రిబ్యునల్ దాన్ని స్వీకరించరాదని 166(3) సెక్షన్ అంటోంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1988 చట్టంలోనూ ఆరు నెలల గడువు ఉండేది, తగిన కారణం చూపితే ఏడాది వరకు మన్నించే వీలుండేది. నిరుపేద బాధితులు ఆ గడువుకు బలవుతున్నారని గ్రహించి 1994లో పార్లమెంటే దాన్ని తొలగించింది. పాతికేళ్ల తరువాత అదే పార్లమెంటు, ఈసారి ఆలస్యాన్ని మన్నించే మాట కూడా లేకుండా, దాన్ని తిరిగి తెచ్చింది. తొడ ఎముక విరిగి, రాడ్ వేయించుకొని, రెండో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఆరు నెలలంటే ఎంత? అతని వైకల్యం ఎంత శాతమో వైద్యులు తేల్చడానికే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఈ సెక్షన్ రాజ్యాంగబద్ధతను ప్రశ్నిస్తూ దాఖలైన పిటిషన్లపై సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తదుపరి ఆదేశాల వరకు గడువు దాటిందన్న కారణంతో ట్రిబ్యునళ్లు, హైకోర్టులు దరఖాస్తులను తోసిపుచ్చరాదని ఆదేశించింది. ఊరట మధ్యంతరమే. గడువు దాటిందని ఇంట్లో కూర్చున్నవారు ఆ తలుపు తెరిచి ఉండగానే దరఖాస్తు వేసుకోవడం మంచిది.

గడువు దాటకపోయినా మోటార్‌సైకిలిస్టును ట్రిబ్యునల్లో వెంటాడేది మరొకటి ఉంది. 'హెల్మెట్ పెట్టుకున్నాడా? ముగ్గురు ఎక్కారా?' దేశంలో రోడ్డు మరణాలలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీదివే. 2022లో హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది. హెల్మెట్ పెట్టుకోవాలి, ఇందులో వాదనకు తావు లేదు. కానీ హెల్మెట్ లేకపోవడం చలానా రాయదగిన తప్పు, వెనుక నుంచి వచ్చి గుద్దిన కారుకు అది క్షమాపత్రం కాజాలదు. కాలు నుజ్జయిన మనిషికి తలపై హెల్మెట్ లేదని పరిహారం కోయడంలో ఏ తర్కం ఉంది? 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఒకే బండిపై ముగ్గురు వెళ్తుండగా వెనుక నుంచి కారు ఢీకొట్టింది. చనిపోయిన యువకుడు వెనుక కూర్చున్నవాడు. ముగ్గురు ఎక్కారు కనుక ఢిల్లీ హైకోర్టు పరిహారంలో పది శాతం తగ్గించింది. నిబంధన ఉల్లంఘనకూ ప్రమాదానికీ, లేదా గాయానికీ కార్యకారణ సంబంధం రుజువైతే తప్ప అది బాధితుడి నిర్లక్ష్యం కిందికి రాదని చెప్పి సుప్రీంకోర్టు ఆ కోతను కొట్టివేసింది. ప్రత్యక్ష సాక్షి లేడన్న వాదన కూడా ఇలాంటిదే. ట్రిబ్యునల్లో కావలసింది నేర విచారణలో కోరే స్థాయి రుజువు కాదు, సంభావ్యత ఏ వైపు మొగ్గుతుందన్నదే. 2019లో, రాజస్థాన్ ఆర్టీసీ బస్సు ఢీకొని మోటార్‌సైకిలిస్టు మరణించిన కేసులో ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు మళ్లీ గుర్తుచేయవలసి వచ్చింది.

పోయిన ప్రాణానికి వెల ఎలా కడతారన్నది అసలు చిక్కు ప్రశ్న. 2014లో ఢిల్లీ ఔటర్ రింగ్ రోడ్డుపై మోటార్‌సైకిల్ మీద వెళ్తున్న దంపతులను కారు ఢీకొట్టింది. ఇద్దరూ మరణించారు, ఆమె గర్భవతి. మిగిలింది ఇద్దరు పసిపాపలు, వృద్ధ తల్లిదండ్రులు. ట్రిబ్యునల్ ఇచ్చిన దాదాపు 40 లక్షలను హైకోర్టు 22 లక్షలకు తగ్గించింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని 33.20 లక్షలకు పెంచింది. ఆ తీర్పుకు ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం బిడ్డ జస్టిస్ ఎన్.వి. రమణ జోడించిన ప్రత్యేక అభిప్రాయం చదవదగినది. ఇంటి పనికి జీతం లేదు కనుక విలువ లేదన్న భావనను ఆయన తిప్పికొట్టారు. గృహిణి శ్రమను ఆదాయంగా లెక్కించాలని, భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్ని కూడా అందులో కలపాలని అన్నారు. వైకల్యం లెక్క కూడా ఇంతే. డాక్టరు సర్టిఫికెట్‌లోని శాతం వేరు, మనిషి కోల్పోయిన సంపాదన శాతం వేరు అని 2010లో రాజ్‌కుమార్ కేసు చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన గుమాస్తా తన ఉద్యోగంలో కొనసాగగలడు. వడ్రంగి బతుకు అక్కడితో ఆగిపోతుంది. బీమా సంస్థ ముందుపెట్టిన తొలి మొత్తానికి సంతకం చేసే ముందు ఈ తేడా తెలిసి ఉంటే లక్షల్లో ఫలితం ఉంటుంది.

అన్నిచోట్లా చట్టం బాగుందనీ, అమలే బాగాలేదనీ చెప్పలేం. చట్టంలోనే ఒక పెద్ద గొయ్యి ఉంది, అందులో పడేది ఎక్కువగా మన ఇళ్లలోని స్త్రీలు. భర్త నడుపుతున్న బండి ఏ గుంతలోనో జారి, వెనుక కూర్చున్న భార్య చనిపోయిందనుకోండి. ఆ బండికి ఉన్నది కేవలం చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా అయితే, ఆ బీమా ఆమెకు వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సమగ్ర పాలసీ ఉంటేనే రక్షణ. నడుపుతున్న యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలని 2018లో నియంత్రణ సంస్థ నిర్దేశించింది. స్నేహితుడి బండి అడిగి తీసుకెళ్లినవాడు యజమాని స్థానంలోకే వస్తాడు కనుక, తన తప్పుతోనే పడితే ఆ బండి బీమా నుంచి మూడో వ్యక్తిగా అతనికి వచ్చేదేమీ లేదు. కోట్ల కుటుంబాలకు మోటార్‌సైకిలే కారు. వెనుక సీటును తప్పనిసరి బీమాలో చేర్చడానికి ఒక చిన్న సవరణ చాలు. జరిమానాల పట్టికను వరుస వరుసనా తిరగరాసిన ప్రభుత్వానికి ఆ వరుస కనిపించలేదు.

పరిహార కేసులలో మోసాలు ఎక్కువని బీమా సంస్థలు అంటాయి. అది అబద్ధం కాదు. ఉత్తరప్రదేశ్‌లో నకిలీ క్లెయిముల మీద ప్రత్యేక దర్యాప్తు బృందమే పనిచేసింది, సుప్రీంకోర్టు కూడా ఆ వ్యవహారంలో కొందరు న్యాయవాదుల పాత్రను తీవ్రంగా పరిగణించింది. కానీ నకిలీ క్లెయిము పుట్టేది ఆలస్యంలోంచి. ప్రమాదం జరిగిన 48 గంటల్లో నివేదిక, ఫొటోలు, వాహనం నంబరు ట్రిబ్యునల్‌కు చేరితే, ఆరు నెలల తరువాత కొత్త వాహనాన్ని, కొత్త డ్రైవరును, కొత్త సాక్షిని పుట్టించడం ఎవరికి సాధ్యం? మోసానికి మందు గడువు తగ్గించడం కాదు, పోలీసు తన పని తాను చేయడం.

ఇది రాష్ట్రాల పరిధిలోని పని కూడా. పోలీసులు, రెవెన్యూ యంత్రాంగం ముఖ్యమంత్రుల చేతిలోనే ఉన్నారు. ఢిల్లీని అడిగే అవసరం లేదు, సొమ్ము కూడా రాష్ట్ర ఖజానా నుంచి పోదు. అమరావతిలోనో, హైదరాబాద్‌లోనో వచ్చే సమావేశాల్లో ఒక్క శాసనసభ్యుడు, ఏ పార్టీవాడైనా సరే, ప్రశ్నోత్తరాల సమయంలో ఇవి అడిగితే చాలు. గత ఏడాది మీ రాష్ట్రంలో గుర్తు తెలియని వాహనాలు ఢీకొని ఎందరు మరణించారు? వారిలో ఎన్ని కుటుంబాలకు పోలీసులు రాతపూర్వకంగా హక్కు తెలియజేశారు? ఎన్ని ఠాణాల్లో ఫారం 2 అచ్చువేసి ఉంది? కలెక్టర్లు మంజూరు చేసిన 2 లక్షల పరిహారాలు ఎన్ని?

తాపీమేస్త్రి కుటుంబం దరఖాస్తు ఇంకా ఆర్డీవో కార్యాలయంలోనే ఉంది. ఠాణా నుంచి రావలసిన కాగితం రాలేదట.